రాబందు మీద మోపిన నేరం

1

పీడకుణ్ని రాబందు అనడం మన కవిత్వానికి బాగా అలవాటైన పని. వడ్డీవ్యాపారి రాబందు. దొర రాబందు. సారా కాంట్రాక్టరు రాబందు. బహుళజాతి కంపెనీ మరీ పెద్ద రాబందు. కవి ఆ మాట అనగానే శ్రోత తల ఊపుతాడు. విమర్శకుడు మార్జిన్‌లో టిక్కు పెట్టుకుంటాడు. ముగ్గురికీ ఆలోచించే శ్రమ తప్పుతుంది. అలా టిక్కులు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. కాబట్టి ఈ వ్యాసాన్ని ఇతరుల మీద విమర్శగా కాక, ముందు నా మీద నేను చేసుకుంటున్న విమర్శగా చదవమని కోరుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో జరిగిన సాహిత్య పాఠశాలలో ఒక యువకవి కవిత మీద మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. అప్పులపాలై ప్రాణం తీసుకున్న పత్తిరైతు మీద రాసిన కవిత అది. చివర్లో పురుగుమందుల దుకాణందారు, బ్యాంకు, విత్తనాల కంపెనీ మూడూ రాబందులై రైతు శవం చుట్టూ దిగుతాయి. ప్రతీక శక్తిమంతంగా ఉన్నదనీ, శత్రువును సరిగ్గా గుర్తించిందనీ నేను మెచ్చుకున్నాను. చర్చ మొదలయ్యాక వెనక వరసలోంచి ఒక విద్యార్థి లేచాడు. పశువైద్య కళాశాలలో చదువుతున్నానని చెప్పుకున్నాడు.

"సార్, మీరు రాబందును సూసిండ్రా?"

చిన్నప్పుడు చూశానని చెప్పాను.

"ఈ కైత రాసినాయన సూసిండా?"

కవికి ఇరవై మూడేళ్లు. చూడలేదని నవ్వుతూ ఒప్పుకున్నాడు. విద్యార్థి నవ్వలేదు.

"మా తాత సూసిండు. సచ్చిన గొడ్డును ఊరవతలకు గుంజుకపోయి, తోలు ఒలిచి పక్కకు జరిగెటోడు. అటెన్క వాటి వంతు. గంటల బొక్కలు తెల్లగ బయటపడుతుండె. ఆ బొక్కలు మల్ల మా తాతనే ఏరుకొచ్చి అమ్మెటోడు. మా తాతకు వాటితోని ఎన్నడు తగువు లేకుండె సార్. తగువంత దొరతోనే."

అంతే చెప్పి కూర్చున్నాడు. అధ్యక్షులు టీ విరామం ప్రకటించారు. ఆ రోజు నేను సమాధానం చెప్పలేదు. ఇది ఆ సమాధానం.

2

ముందు ప్రతీకను ప్రతీకగానే చూద్దాం. ఉపమానానికీ ఉపమేయానికీ మధ్య ఉమ్మడి ధర్మం ఒకటి ఉండాలని అలంకారశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. రాబందు ధర్మమేమిటి? అది వేటాడదు. దాని కాలిగోళ్లు బతికిన జంతువును పట్టి ఎగరడానికి పనికివచ్చేవి కావు. చచ్చినదాన్ని తింటుంది. పీడకుడి ధర్మమేమిటి? అతను బతికినవాణ్ని తింటాడు. చచ్చినవాడితో అతనికి పని లేదు. కూలివాడు రేపు మళ్లీ పనిలోకి రావాలి, రైతు వచ్చే ఏడు మళ్లీ అప్పుకు రావాలి. దోపిడీ అనేది జీవంతో ఉన్న శ్రమ మీద ఆధారపడి నడుస్తుంది. మార్క్స్ 1867 నాటి 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పెట్టుబడిని రక్తపిశాచితో పోల్చాడు గాని శవాలు తినే పక్షితో పోల్చలేదు. జీవమున్న శ్రమను పీల్చి బతకడమే దాని లక్షణమని చెప్పడం ఆయన ఉద్దేశం. మన పల్లె జనం ఇంకా దగ్గరి మాట వాడతారు, జలగ అంటారు. అందులో శాస్త్రమూ ఉన్నది, అనుభవమూ ఉన్నది.

ఇది కేవలం అలంకారదోషమైతే వదిలెయ్యవచ్చు. కాని దీనికి రాజకీయ పర్యవసానం కూడా ఉన్నది. పీడకుణ్ని రాబందు అన్న మరుక్షణం పీడితుడు శవం అయిపోతాడు. శవం తిరగబడదు. ప్రజల చైతన్యం గురించి నాలుగు పేజీలు రాసిన కవి, అయిదో పేజీలో ఒక్క ప్రతీకతో ఆ ప్రజలను పాడె ఎక్కిస్తున్నాడు. నేను మెచ్చుకున్న కవితలో జరిగింది సరిగ్గా ఇదే. ఆ రైతు చనిపోక ముందు పన్నెండు నెలలు ఎవరెవరితో ఏ విధంగా పెనుగులాడాడన్నది కవితలో లేదు. రాబందులు వచ్చి ఆ కథను మింగేశాయి.

మరి ఈ ప్రతీక మనకు ఎక్కడినుంచి వచ్చింది? ఇంటిమీద రాబందు వాలితే అరిష్టమనీ, ఆ ఇల్లు కొన్నాళ్లు విడిచి వెళ్లాలనీ మన పెద్దలు నమ్మేవారు. చావు ఉన్నచోట అది కనిపిస్తుంది గనక చావును అదే తెస్తుందన్న తర్కం ఈ నమ్మకానికి మూలం. కార్యకారణాలను తలకిందులు చెయ్యడమే మూఢనమ్మకం. శకునాలను ఎగతాళి చేస్తూ కవితలు రాసిన మనమే ఆ శకునపక్షిని దొడ్డిదారిన తెచ్చి మన అభ్యుదయ కవిత్వంలో కూర్చోబెట్టాం. రామాయణాన్ని మనవాళ్లు అనేక కోణాల నుంచి తిరగరాశారు. కాని ఎత్తుకుపోతున్న స్త్రీ కోసం ఒంటరిగా అడ్డుపడి రెక్కలు తెగిన గృధ్రం ఒకటి ఆ కథలో ఉన్నదని గుర్తించి, దాన్ని మన ప్రతీకతో పోల్చి చూసినవాళ్లు ఎందరు?

ఈ తలకిందుల తర్కం మనకొక్కరికే పరిమితం కాదు. 1993లో సూడాన్ కరువులో దక్షిణాఫ్రికా ఫోటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ తీసిన చిత్రం ప్రపంచమంతా చూసింది. నేలకు వంగిపోయిన బిడ్డ, వెనక కొంచెం దూరాన కూర్చున్న రాబందు. 1994లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ కరువు వెనక అంతర్యుద్ధం ఉన్నది. తిండిని ఆయుధంగా వాడుకున్న సైన్యాలు ఉన్నాయి. అవేవీ చిత్రంలో పడలేదు. పక్షి పడింది. చూసినవాళ్ల కోపమంతా ఆ పక్షి మీదికీ, ఫోటోగ్రాఫర్ మీదికీ మళ్లింది. యుద్ధం చేసినవాళ్లు చట్రం బయట హాయిగా ఉన్నారు. మన కవిత్వంలో రాబందు చేస్తున్న పని కూడా ఇదే.

3

ఇప్పుడు అసలు రాబందు దగ్గరికి వద్దాం. మనం దాన్ని ప్రతీకగా వాడుకుంటున్న కాలంలోనే అది మన కళ్లముందు చచ్చిపోయింది.

1980లలో భారత ఉపఖండంలో కోట్ల సంఖ్యలో రాబందులు ఉండేవి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయవనంలో 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్లు 353 జతలవి లెక్కకు వచ్చాయి. 1996-97 నాటికి 150 మిగిలాయి. కొన్నేళ్లకు అవీ లేవు. పక్షులు చెట్ల మీద మెడలు వేలాడేసి రోజుల తరబడి అలాగే కూర్చుని, చివరికి రాలిపడేవి. పక్షిశాస్త్రవేత్త విభు ప్రకాశ్ ఈ సంగతి మొదట నమోదు చేశారు. దేశవ్యాప్తంగా లెక్క తీస్తే, 1992కూ 2007కూ మధ్య తెల్లవీపు రాబందుల్లో వెయ్యికి ఒకటి మిగిలింది. మిగతా రెండు జాతులు, అంటే పొడుగు ముక్కు రాబందు, సన్న ముక్కు రాబందు, నూటికి తొంభైఆరుకు పైగా పోయాయి. ఇంత పెద్ద సంఖ్యలో ఉన్న పక్షి ఇంత త్వరగా కూలిపోవడం లోకంలో చాలా అరుదు.

మొదట ఏదో అంటురోగం అనుకున్నారు. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనతో అసలు కారణం బయటపడింది. చచ్చిన పక్షుల కడుపు కోసి చూస్తే లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. మూత్రపిండాలు చెడిపోయి యూరిక్ ఆమ్లం పేరుకున్నది. దానికి కారణం డైక్లోఫెనాక్. మనకు నడుము పట్టేస్తే, మోకాలు నొప్పి పుడితే వాడే మందు. 1990ల మొదట్లో అది చౌకగా పశువైద్యంలోకి వచ్చింది. మందు వేసిన కొద్ది రోజుల్లోనే పశువు చనిపోతే దాని మాంసంలో ఆ మందు నిలిచి ఉంటుంది. అది తిన్న రాబందు కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. చచ్చిన పశువులన్నిటిలో మందు ఉండనక్కర లేదు. నూటికి ఒకటి లోపు కళేబరాలలో ఉంటే చాలు, జాతి మొత్తం ఈ వేగంతో పోవడానికి. ఎందుకంటే ఒక్క కళేబరం మీద పదుల సంఖ్యలో పక్షులు వాలతాయి. పైగా రాబందు ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. పిల్ల పెరిగి మళ్లీ గూడు కట్టడానికి అయిదేళ్లు కావాలి. చావు మందల లెక్కన, పుట్టుక ఒంటి గుడ్డు లెక్కన సాగితే మిగిలేదేముంటుంది?

రాబందు పోతే ఏమైంది? దాని కడుపులో ఆమ్లం ఎంత గాఢమైనదంటే, దొమ్మరోగం సూక్ష్మజీవిని కూడా అది జీర్ణం చేసుకోగలదు. అందువల్ల రోగం దానితో ఆగిపోయేది. ఒక గుంపు వాలితే ఆవు కళేబరం గంటలోపు ఎముకలగూడు అవుతుంది. ఇప్పుడా కళేబరం రోజుల తరబడి కుళ్లుతూ ఉంటుంది. వానకు కారి చెరువులోకి, వాగులోకి పోతుంది. దాన్ని కుక్కలు తింటాయి. కుక్క కడుపు రాబందు కడుపు కాదు. తిండి పెరిగినకొద్దీ కుక్కలు పెరుగుతాయి, కుక్కలతో పాటు కాట్లు, కాట్లతో పాటు రేబిస్. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో మూడోవంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాటుకు గురయ్యేవాళ్లలో పిల్లలు ఎక్కువ.

2008లో అనిల్ మార్కండ్య తదితరులు ఈ గొలుసును లెక్కగట్టారు. 1992 నుంచి 2006 వరకు రాబందులు లేకపోవడం వల్ల అదనంగా జరిగిన రేబిస్ మరణాలు 48,000 దాకా ఉంటాయని వాళ్ల అంచనా. 2024లో ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు మరో పద్ధతి పట్టుకున్నారు. పూర్వం రాబందులకు అనువుగా ఉన్న జిల్లాలనూ, అంతగా అనువు లేని జిల్లాలనూ పక్కపక్కన పెట్టి, పక్షులు పోక ముందు, పోయిన తర్వాత మనుషుల మరణాలు ఎలా మారాయో చూశారు. మొదటి రకం జిల్లాల్లో మరణాల రేటు నూటికి నాలుగుకు పైగా పెరిగింది. 2000 నుంచి 2005 వరకు అదనంగా చనిపోయినవాళ్లు సుమారు అయిదు లక్షలు. అందులో కుక్కకాటు ఒక భాగమైతే, కలుషితమైన నీళ్లు మరో భాగం. ఇవి అంచనాలే. అంచనాలలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు. కాని ఇందులో సగమే నిజమనుకున్నా, అది మన సాహిత్యం పట్టించుకోవలసిన మారణహోమం.

అయిదు లక్షల మంది చనిపోతే మన పత్రికల్లో ఒక కథ రాలేదు. ఎందుకు రాలేదు? ఎవరు చంపారో కనిపించలేదు గనక. తుపాకీ లేదు, లాఠీ లేదు. చచ్చిన పక్షి మన సాహిత్యంలో అప్పటికే దోషిగా నిలబడి ఉన్నది గనక, దాని చావు ఎవరికీ వార్త కాలేదు.

4

ఇక్కడ నేరం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. సూది వేయించిన రైతుదా?

దుక్కి రోజుల్లో ఎద్దు కుంటుతున్నది. తడి ఆరిపోతున్నది. విశ్రాంతి ఇస్తే నయమవుతుందని రైతుకు తెలుసు. ఆ విశ్రాంతి ఖరీదు ఒక పంట. పది రూపాయల సూదితో ఎద్దు లేచి కాడికి వస్తుంది. నొప్పి పోలేదు, నొప్పి తెలియకుండా పోయింది. ఎద్దు పని చేస్తుంది. ఇటుక బట్టీలో కూలివాడు సాయంత్రం కిరాణా కొట్లో అదే బిళ్ల కొనుక్కుని వేసుకుంటాడు, మర్నాడు మళ్లీ పనికి వెళ్లడానికి. పశువుకూ మనిషికీ ఒకే మందు ఒకే అవసరం కోసం వాడవలసి రావడం యాదృచ్ఛికం కాదు. విశ్రాంతి కొనుక్కోలేని వ్యవసాయమే ఆ మందుకు సంత. దాన్ని చూడకుండా రైతు అజ్ఞానం మీద నెపం వేసే పర్యావరణ ప్రేమికులతో నాకు పేచీ ఉన్నది.

ప్రభుత్వం 2006లో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. రాబందులకు హాని చెయ్యని మెలాక్సికామ్ అదే కాలానికి అందుబాటులో ఉన్నది. అయినా ఏం జరిగింది? మనుషుల కోసమని చెప్పి డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు అమ్మకంలో ఉండిపోయాయి. అంత మోతాదు ఏ మనిషికీ ఒకేసారి అక్కర లేదు. పశువుకు సరిగ్గా సరిపోతుంది. ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించడానికి 2015 దాకా పట్టింది. అంటే నిషేధం తర్వాత తొమ్మిదేళ్లు. పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారిపోయే అసెక్లోఫెనాక్‌నూ, కీటోప్రొఫెన్‌నూ నిషేధించింది 2023 జులైలో. చట్టానికీ సంతకూ మధ్య ఉన్న ఈ సందులో పక్షులూ పోయాయి, పిల్లలూ పోయారు.

వీటన్నిటికీ ఇప్పుడు ఒక పేరు పెట్టారు. మనిషి ఆరోగ్యం, పశువు ఆరోగ్యం, ప్రకృతి ఆరోగ్యం మూడూ కలిసి ఒకే ఆరోగ్యం అంటున్నారు. 2004 సెప్టెంబరులో న్యూయార్క్ సదస్సులో ఈ నినాదానికి సూత్రాలు రాశారు. మన దేశంలో 2022 డిసెంబరులో నాగపూర్‌లో దీనికోసం ఒక జాతీయ సంస్థకు శంకుస్థాపన జరిగింది. మంచిదే. కాని ఈ మాట కొత్తది కాదు, దాన్ని మొదట అన్నది సదస్సులూ కాదు. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ ప్రబలినప్పుడు అక్కడికి వెళ్లి వచ్చి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. రోగానికి మందు పేర్లు రాయవలసినచోట ప్రజాస్వామ్యం, చదువు, భూస్వాముల పెత్తనం నుంచి విముక్తి అని రాశాడు. అదే సంవత్సరం బెర్లిన్ వీధుల్లో విప్లవకారుల పక్షాన నిలబడ్డాడు. పశువుల నుంచి మనుషులకు వచ్చే రోగాలకు శాస్త్రంలో పేరు పెట్టినవాడూ ఆయనే. పశువైద్యానికీ మనిషి వైద్యానికీ మధ్య గోడ అక్కర లేదని వాదించినవాడూ ఆయనే. ఈ రెండూ ఒకే మనిషి ఆలోచనలు కావడం గమనించాలి. ఈనాటి నినాదం పశువును కలుపుకున్నది గాని భూస్వామిని వదిలేసింది. ఆ వదిలేసిన భాగాన్ని గుర్తుచెయ్యడం మన పని.

5

ఆ విద్యార్థి తాత దగ్గరికి మళ్లీ వెళదాం. అతని మాటలను పాత రోజుల మీద వలపోతగా అర్థం చేసుకుంటే మరో పొరపాటు చేసినవాళ్లమవుతాం. చచ్చిన గొడ్డును మోయడం ఆయన ఎంచుకున్న వృత్తి కాదు. కులం నెత్తిన పెట్టిన వెట్టి. 1927లో మహద్‌లో అంబేద్కర్ ఆ పని మానెయ్యమనీ, చచ్చిన గొడ్డు మాంసం ముట్టవద్దనీ తన జనానికి పిలుపునిచ్చాడు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. దానికి జవాబుగా అక్కడి దళితులు కళేబరాలను తీసుకెళ్లి కలెక్టరు ఆఫీసు ముందు వేశారు. మీ తల్లి అయితే మీరే మోసుకోండి అన్నది ఆ చర్యకు అర్థం. ఊరి శుభ్రత ఎవరి వీపు మీద నడుస్తున్నదో ఆ ఒక్క రోజులో దేశమంతటికీ తెలిసింది. ఒకప్పుడు ఆ పనిని పంచుకున్న పక్షి అప్పటికే లేదు. కళేబరాలు పారవేసే చోటు చాలా ఊళ్లలో దళితవాడకు ఆనుకునే ఉంటుంది. వాసనా, ఈగలూ, కుక్కలూ మొదట చేరేది అక్కడికే. ఒకే ఆరోగ్యం అన్న మాట నిజమే గాని, రోగం మాత్రం అందరికీ ఒకేలా పంపకం కావడం లేదు.

మన తెలుగు నేల మీద ఈ పాఠం నెత్తుటితో రాసి ఉన్నది. 1985 జులైలో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే చెరువు నీళ్లను భూస్వాముల పశువు కోసం మురికి చెయ్యడం దగ్గర, అదేమని ఒకరు అడగడం దగ్గర. జులై 17న జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలను చంపారు. మనిషి, పశువు, నీళ్లు మూడూ అక్కడ ఒకేచోట ఉన్నాయి. వాటి మధ్య సంబంధాన్ని నిర్ణయించింది ప్రకృతి కాదు, కులమూ భూమీ. కారంచేడు తర్వాత వచ్చిన దళిత సాహిత్యాన్ని మనం ఆత్మగౌరవ సాహిత్యంగా చదివాం. అది సరైనదే. దాన్ని నీటి సాహిత్యంగా, ఆరోగ్య సాహిత్యంగా కూడా చదవవలసి ఉన్నది.

జంతువును తిట్టుగా వాడకుండా జంతువుగా చూసిన దారి మనకు లేకపోలేదు. జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపితే, జాషువా కథానాయకుడైన అంటరాని పేదవాడు గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపుతాడు. అతనికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉన్నది. లోకం అసహ్యించుకునే ప్రాణి, లోకం అంటరానివాణ్ని చేసిన మనిషి ఒకరి మాట ఒకరు వింటారు. జాషువా అరిష్టమనే నమ్మకాన్ని ప్రతీకలోకి తెచ్చుకోలేదు, దాన్ని బద్దలుకొట్టాడు. ఆ ప్రతీక గబ్బిలం నిజమైన నడత మీద, అది గుడి చీకట్లో వేలాడడం మీద నిలబడింది. ప్రతీక బలం అక్కడినుంచి వచ్చింది. 2018లో కోళికోడ్‌లో నిపా వచ్చినప్పుడూ, 2020 కరోనా రోజుల్లోనూ గబ్బిలాలను చంపాలని కేకలు పెట్టినవాళ్లకు ఆ కావ్యం చదివి వినిపిస్తే బాగుండేదని నాకు అనిపించింది. అడవినీ పండ్లచెట్లనూ కొట్టేసి గబ్బిలాన్ని మన పెరట్లోకి తరిమినది మనమేనన్న సంగతి అప్పుడైనా చర్చకు వచ్చేది.

మరొక దారి డాక్టర్ కేశవరెడ్డిది. డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో పనిచేసిన వైద్యుడు ఆయన. 'అతడు అడవిని జయించాడు' నవలలో ఈనడానికి అడవిలోకి పోయిన పంది కోసం ఒక ముసలివాడు ఒంటరిగా బయలుదేరతాడు. అందులో పంది దేనికీ ప్రతీక కాదు. అది ముసలివాడి ఆస్తి, అతని కూడు, అతని పని, అతని తోడు. ఈ నాలుగింటినీ విడదీయకుండా చూడడం వల్లనే ఆ చిన్న నవల మనల్ని ఇంతగా పట్టుకుంటుంది. రోగం, పేదరికం, పశువు ఒకే గుడిసెలో ఉంటాయని రోజూ రోగులను చూసే వైద్యుడికి వేరే ఎవరూ చెప్పనక్కర లేదు.

6

మన సహచరులు కొందరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. మనుషులే చస్తుంటే పక్షుల గోల ఏమిటి, ఇది పట్టణ మధ్యతరగతి సరదా కాదా అని. పక్షులు చావడం వల్లనే మనుషులు చచ్చారని పైన చెప్పిన లెక్కలు సమాధానం ఇస్తాయి. ప్రకృతి మీద మనిషి సాధించే గెలుపులకు మొదటి ఫలితంతో పాటు రెండోదీ మూడోదీ ఉంటాయని, అవి మొదటిదాన్ని రద్దు చెయ్యగలవని 1876లోనే ఎంగెల్స్ హెచ్చరించాడు. ప్రకృతిని వర్గపోరాటానికి బయట ఉన్న విషయంగా మొదట చూసినవాళ్లు మార్క్సిస్టులు కారు. దాన్ని అలా వదిలేసింది మన యాంత్రికత.

దీనికి పూర్తిగా అవతల మరో ధోరణి ఉన్నది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల గురించి సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చి, అదే నెలలో సవరణ కూడా జరిగినప్పుడు పత్రికల నిండా రెండే పక్షాలు కనిపించాయి. కుక్కలను ప్రేమించేవాళ్లు, కుక్కలను ద్వేషించేవాళ్లు. కుక్కలకు ఇంత తిండి ఎక్కడినుంచి వస్తున్నదని అడిగిన గొంతులు తక్కువ. చెత్త ఎత్తని మునిసిపాలిటీ, కుళ్లుతున్న కళేబరం, సూదిమందు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చర్చలోకి రాలేదు. ప్రేమా ద్వేషమూ రెండూ జంతువు దగ్గరే ఆగిపోయాయి. సంబంధాల దాకా వెళ్లనిది ఏదైనా భావవాదమే, అది కవిత్వంలో ఉన్నా, కోర్టులో ఉన్నా.

రచయితలు ఇకమీదట రాబందు అనే మాట వాడకూడదని నేను ఫత్వా ఇవ్వడం లేదు. ప్రతీకలను నిషేధించే విమర్శ మీద నాకు నమ్మకం లేదు. నేను కోరేది చిన్న విషయం. ఒక జంతువును తిట్టుగా వాడే ముందు అది ఎలా బతుకుతుందో తెలుసుకుందాం. అది ఎవరితో కలిసి బతికిందో, ఎవరి వల్ల చచ్చిందో తెలుసుకుందాం. పశువుల ఆసుపత్రి మెట్ల మీద ఒక పూట కూర్చుంటే, గోపాలమిత్ర వెంట నాలుగు ఊళ్లు తిరిగితే, కుక్క కరిచిన పిల్లవాణ్ని ఎత్తుకుని సూది కోసం మూడు ఆసుపత్రులు తిరిగిన తల్లితో మాట్లాడితే మనకు కథావస్తువు కరువు ఉండదు. సాహిత్య విద్యార్థులకు మరో పని ఉన్నది. మన కవిత్వంలో వచ్చే జంతువుల పట్టిక ఒకటి తయారుచెయ్యండి. ఏ ప్రాణిని ఏ అర్థంలో వాడామో, ఆ అర్థం దాని నడత నుంచి వచ్చిందో శకునశాస్త్రం నుంచి వచ్చిందో పరిశీలించండి. మనం పైకి ఒప్పుకోని నమ్మకాలు చాలా ఆ పట్టికలో దొరుకుతాయని నా అనుమానం.

2013లో ఇప్పటి కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలోనూ వాటిని పెంచే కేంద్రం ఒకటి ఉన్నది. హర్యానాలోని పింజోర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఆ పని సాగుతున్నది. ఒక్కొక్క గుడ్డునూ లెక్కపెట్టుకుంటూ మనుషులు ఆ జాతిని నిలబెట్టడానికి పాటుపడుతున్నారు.

నేను మెచ్చుకున్న కవికి తర్వాత ఉత్తరం రాశాను. ఆ కవితను తప్పుగా మెచ్చుకున్నానని చెప్పి, చివరి చరణాలు తీసేసి, ఆ రైతు బతికి ఉన్న పన్నెండు నెలలూ రాయమని కోరాను. ఆయన నుంచి జవాబు వచ్చింది. రాస్తున్నాననీ, రైతుకు ఒక ఎద్దు కూడా ఉండేదని ఇంతకుముందు తనకు తట్టలేదనీ రాశాడు.